పురుగుకూ రుచి తెలుసు

నరసరావుపేట నుంచి మాచర్ల దాకా పత్తి, మిరప వేసే రైతులకు లద్దెపురుగు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. దొరికిన ఆకునల్లా తినేస్తుందనుకుంటాం. కాదండీ, దానికీ ఎంపిక ఉంది. నోటి దగ్గర రుచి తెలిపే సన్నటి బొడిపెలుంటాయి. తీపి తగిలితే తింటుంది, చేదు తగిలితే ఆగుతుంది.

పెరట్లో కరివేపాకు మీద పాకే పచ్చ గొంగళిపురుగును చూడండి. నిమ్మ మీదా అదే, మారేడు మీదా అదే. మూడూ ఒకే కుటుంబం మొక్కలు. తల్లి సీతాకోకచిలుక ముందరి కాళ్లతో ఆకు రుచి చూసి మరీ గుడ్డు పెడుతుంది. పక్కనున్న పత్తిని ముట్టదు.

పత్తి ఆకును వెలుగుకు పట్టి చూడండి. సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. వాటిలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. చాలా పురుగులకు అది గిట్టదు. లద్దెపురుగు, శనగపచ్చ పురుగు మాత్రం చాలావరకు తట్టుకుంటాయి. మన కష్టమంతా అక్కడే.

అయితే లద్దెపురుగు తల్లికి ఆముదమంటే మరీ ఇష్టం. అందుకే చేను చుట్టూ ఆముదాన్ని ఎర పంటగా వేయమంటారు. ఆకు తిప్పి చూడండి. గోధుమ రంగు నూగు కప్పుకొని గుడ్ల ముద్ద ఉంటుంది. పిల్లపురుగులు గీకితే ఆకు జల్లెడవుతుంది. ఆ ఆకుల్ని వెంటనే తుంచి నాశనం చేయండి. ఆముదం వేసి వదిలేస్తే పురుగును మనమే పెంచినట్టు!

ఇక వేప. అందులోని అజాడిరాక్టిన్ తగిలిన ఆకును పురుగు సరిగా తినదు, కుబుసమూ సరిగా విడవలేదు. ముదిరిన పురుగు మీద దాని ప్రభావం తక్కువ. అందుకే 5 శాతం వేపగింజల కషాయాన్ని పురుగు చిన్నగా ఉన్నప్పుడే, సాయంత్రం పూట, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టండి.