అయ్యో పాపం!
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున జాలి గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు "ఇదేం విషయమండీ?" అన్నారు. మన వయసువారికి రోజూ ఎదురయ్యే విషయమే అన్నాను.

ఎవరైనా జారిపడితే "అయ్యో పాపం" అంటాం. చేసిన తప్పుకీ పాపమే, జాలికీ పాపమే. ఎప్పటి పాపమో అనుభవిస్తున్నాడన్న భావం ఆ మాటలో మిగిలిపోయిందేమోనని నా అనుమానం. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పింది దీనికి విరుద్ధం. తగని కష్టం ఒకరికి వచ్చిందనీ, అది రేపు మనకూ రావచ్చుననీ తోచినప్పుడు కలిగే బాధే జాలి అన్నాడాయన. అంటే అందులో కాస్త భయం కూడా ఉందన్నమాట. మన నాట్యశాస్త్రంలో భరతముని కరుణరసానికి శోకాన్ని స్థాయీభావంగా చెప్పాడు. ఎదుటివారి శోకం మనల్ని తాకితేనే కరుణ. జాలి మాత్రం గట్టు మీద నిలబడి కూడా పడవచ్చు.

ఇక దయ. అందులో చెయ్యి ముందుకు వస్తుంది, నిజమే. కాని ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద. పెన్షన్‌ను కూడా చాలాకాలం ఏలినవారి దయగానే చూశారు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది దానమూ కాదు, అనుగ్రహమూ కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. 1979 మార్చి 31కి ముందు రిటైరయ్యారన్న ఒక్క కారణంతో కొందరిని సరళీకరించిన పెన్షన్‌కు దూరం చేయడం చెల్లదంది. ఈ తేదీన మనం సభ జరుపుకునేది అందుకే.

అయితే ఇంట్లో కోర్టు తీర్పులు పనిచేయవు కదా! "నాన్నగారికి వినపడదులెండి" అని మన ఎదుటే వచ్చినవారితో అనడం జాలి. దగ్గరకు వచ్చి కూర్చుని, నాలుగు మాటలు కాస్త గట్టిగా చెప్పడం కరుణ. మొదటిది మనల్ని మూలకు కూర్చోబెడుతుంది.

మనమూ తక్కువవాళ్ళం కాదు. మిత్రుడు పోతే ఆ ఇంటికి వెళ్ళి, "అయ్యో పాపం" అని, కాఫీ తాగి వచ్చేవారున్నారు. ఆ సోదరి చేత కుటుంబ పెన్షన్ కాగితాలు పూర్తిచేయించి, బ్యాంకుకు వెంట వెళ్ళేవారూ ఉన్నారు. మన సంఘంలో ఈ రెండోరకంవారు ఉండబట్టే నాకు ఇక్కడికి రావాలనిపిస్తుంది. అలాంటి కాగితాలు రెండు మూడు ఇప్పుడు కూడా కార్యదర్శిగారి సంచిలో ఉన్నాయి. భోజనాలయ్యాక ఎవరైనా ఒక అరగంట ఉండగలిగితే చూద్దాం.

సెలవు.