న్యాయస్థాన గౌరవము

బోనులోని ముద్దాయి కేకలు వేసి విచారణకు భంగము గలిగించినచో శిక్షింపవలదా? శిక్షింపవలసినదే యని న్యాయవాదులమైన మేమును ఒప్పుకొందుము. కాని యా శిక్షకు హద్దు గలదు. పూర్వపు శిక్షాస్మృతి 228వ సెక్షను దీనికి ఆఱు మాసముల సాధారణ ఖైదును, వేయి రూపాయల జుల్మానాను పరమావధిగా నిర్ణయించెను. 2024లో అమలునకు వచ్చిన న్యాయసంహిత జుల్మానాను అయిదు వేలు చేసెనేగాని దెబ్బలకు తావీయలేదు.

1930 మే 12వ తేదీన, లాహోరు కుట్రకేసును విచారించు ముగ్గురు న్యాయమూర్తుల ట్రిబ్యునలులో జరిగినదేమి? భగత్ సింగు ప్రభృతులు నినాదములు చేసి గీతములు పాడగా, వారికి బేడీలు తగిలింప నుత్తరువయ్యెను; పోలీసులు న్యాయమూర్తుల యెదుటనే వారిని మోదిరి. ఆ యుత్తరువుతో తమకు సంబంధము లేదని జస్టిస్ ఆగా హైదరుగారు ఒక్కరే వ్రాసిరి. జూనులో ట్రిబ్యునలును మార్చినపుడు వారికి చోటు లేకపోయెను. ముద్దాయిలు లేకయే విచారణ సాగి, అక్టోబరు 7న భగత్ సింగు, రాజగురు, సుఖదేవులకు ఉరిశిక్ష పడెను.

ధిక్కారమునకు శిక్ష వేయుడు. దానిని సాకుగా గొని ముద్దాయి నోరు నొక్కకుడు. కేకలవలన కోర్టు గౌరవము ఒక పూట చెదరును. లాఠీవలన తరతరములకు పోవును. ఆ మే 12వ తేదీన లాహోరులో న్యాయస్థాన గౌరవమును నిలిపినది ఆ యొక్క న్యాయమూర్తి కలమే.