పదవ తరగతి తరువాత ఏ దారి?
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళం మేము. పదవ తరగతి ఫలితాలు వచ్చిన మరునాటి నుండి మా ఇంటి అరుగు ఖాళీ ఉండదు. "మాస్టర్ సాబ్, ఇప్పుడు ఏం చెయ్యాలి?" అని వస్తారు. ఎవరు వచ్చినా అడిగేవి నాలుగైదు ప్రశ్నలే. వాటినే ఈ రోజు అందరి ముందూ చెప్పుకుందాము.

మొదటి ప్రశ్న: ఏ గ్రూపు మంచిది?

అందరికీ మంచిదైన గ్రూపు అంటూ లేదు. డాక్టరు చదువుకు బై.పి.సి. కావాలి, ఇంజనీరింగుకు ఎం.పి.సి. కావాలి. వ్యాపారం, పద్దులు ఇష్టమైనవానికి సి.ఇ.సి. ఉన్నది. చేతిపని మీద మనసున్న పిల్లవాడు పాలిసెట్ వ్రాసి మూడేళ్ళ డిప్లొమా చదవవచ్చు. ఆ తరువాత ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరంలోనే చేరవచ్చు. ఇది చిన్న చదువు అనుకోవద్దు.

ఇక్కడ మేము చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రిందట మా బడిలో ఒక కుర్రవాడికి లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. వానిని ఒక్క మాట అడగకుండానే ఎం.పి.సి.లో చేర్చమని వాళ్ళ అబ్బాకు చెప్పాము. అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులో. ఆరు నెలలు కూర్చున్నాడు, అర్థం కాలేదని ఎవరికీ చెప్పుకోలేదు. సంక్రాంతి సెలవుల తరువాత కాలేజీకి పోనేలేదు. మేము కూడా పోయి విచారించలేదు. సలహా చెప్పడంతో మా పని తీరిందనుకున్నాము.

రెండవ ప్రశ్న: ఉర్దూ మీడియం పిల్లలు కాలేజీలో నిలబడగలరా?

నిలబడగలరు. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనతోనే మొదలైనది. సైన్సు కూడా ఉర్దూలోనే చెప్పారు. నేడు హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. మన కర్నూలులో 2016 నుండి డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. వైద్యవిద్య ప్రవేశపరీక్ష నీట్‌ను 2018 నుండి ఉర్దూలోనూ వ్రాయవచ్చు. అయితే దాచిపెట్టకుండా చెప్పాలి గదా, చాలా కాలేజీలలో పాఠం ఇంగ్లీషులోనే ఉంటుంది. అందుకని వేసవి సెలవులు వృథా చేయవద్దు. ఒక నోటుబుక్కు పెట్టి, ఎడమ వైపు ఉర్దూ మాట, కుడి వైపు ఇంగ్లీషు మాట, రోజుకు పది చొప్పున వ్రాయండి. రెండు నెలలకు ఆరు వందల మాటలు. మొదటి రోజు క్లాసులో భయం సగం తగ్గుతుంది.

మూడవ ప్రశ్న: ఫీజు ఎక్కడ నుండి తేవాలి?

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు పేర్లు మారుతూ నడుస్తున్నది. దానికి తహశీల్దారు కచేరి నుండి ఆదాయ ధృవీకరణ పత్రం కావాలి. సీటు వచ్చిన తరువాత పరుగెత్తకండి, పరీక్షలు అయిన వెంటనే అర్జీ పెట్టండి.

రిజర్వేషను సంగతి చాలామందికి తెలియదు. 2007 చట్టం ప్రకారం ముస్లిములలో వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ క్రింద 4 శాతం ఉన్నది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతున్నది. షేక్‌లు ఇందులో వస్తారు. దూదేకులవారు మొదటి నుండి బి.సి.-బి. సయ్యద్, మొగల్, పఠాన్‌లు బి.సి.-ఇలోకి రారు. అట్లని నిరాశ పడవద్దు. 2019లో వచ్చిన 10 శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటాకు వారిలో పేదవారు అర్హులు. ఆ సర్టిఫికెట్టు వేరే తీసుకోవాలి.

నాలుగవది కాగితాల సంగతి.

మన పేర్లతో వచ్చే చిక్కు మీకు తెలిసినదే. మెమోలో "ఎస్.కె." అని, ఆధార్‌లో "షేక్" అని, రేషను కార్డులో ఇంకొకటి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనుక. దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. పదవ తరగతి నామినల్ రోల్ పంపేముందే మీరు బడికి వచ్చి పేరు ఒక్కొక్క అక్షరం చూసుకోండి. ఇంకొక మాట. అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని 2018లో యు.జి.సి. ఉన్నత విద్యాసంస్థలకు స్పష్టంగా చెప్పింది. చూపించండి, నకళ్ళు ఇవ్వండి, అసలువి ఇంటికి తెచ్చుకోండి.

ఐదవ ప్రశ్న తల్లులు మెల్లగా అడుగుతారు: ఆడపిల్లను అంత దూరం ఎట్లా పంపేది?

వాళ్ళ భయాన్ని మేము తేలికగా తీసుకోము. కాని ఇంట్లో కూర్చుని దూరం కొలవవద్దు. అమ్మీ, అబ్బా ఇద్దరూ ఒకసారి పోయి కాలేజీ చూడండి. హాస్టలు ఉన్నదా, సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి, మన ఊరి పిల్లలు ఇంకెవరు పోతున్నారు, ఇవి అడగండి. ముగ్గురు కలిసి పోతే దూరం సగమవుతుంది. ఏ విధంగానూ వీలు కాకపోతే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది. ఇంటి దగ్గర ఉండి డిగ్రీ చదవవచ్చు. చదువు మానిపించడం మాత్రం వద్దు.

చివరగా సొసైటీ పెద్దలకు ఒక మనవి. స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు, సంతోషం. దానితోపాటు కాలేజీలో చేరిన పిల్లలను మూడు నెలలకొకసారి పోయి పలకరించే మనుషులు కావాలి. ఆ పనికి మొదటి పేరు మాది వ్రాసుకోండి.

మేము చెప్పిన ఆ కుర్రవాడు ఇప్పుడు మోటారు మెకానిక్. నిజాయితీగా సంపాదించుకుంటున్నాడు, అందులో తక్కువేమీ లేదు. మొన్న దారిలో కనిపించి సలాం చేసి, "సాబ్, మా తమ్ముడు పది పాసైనాడు, ఏ గ్రూపు ఇప్పించమంటారు?" అన్నాడు. ఈసారి మేము జవాబు చెప్పలేదు. "తమ్ముణ్ణి తీసుకొని రా నాయనా, ముందు వాణ్ణి అడుగుదాము" అన్నాము.