నడుము నొప్పి: ఉపేక్షింపరాని గుర్తులు



ఊడ్పుల నెలలో నడుము నొప్పి ఎరుగని ఇల్లు పల్లెలో ఉండదు. దినమంతయు వంగి నారు నాటిన స్త్రీకి, ధాన్యపు బస్తాలు మోసిన కూలికి నడుము పట్టుట వింత కాదు. అట్టి నొప్పి పడుకొన్నచో తగ్గును, వంగినచో హెచ్చును. కొన్ని వారములలో పెక్కుమందికి దానంతట అదియే పోవును. కాపడము పెట్టుకొని, మంచము పట్టక మెల్లగా తిరుగుచుండిన చాలును. దానిని గూర్చి ఇంతకు మించి చెప్పవలసినది లేదు. చెప్పవలసినది దాని వేషము వేసికొని వచ్చు వేరొక నొప్పిని గూర్చి.

ఈ రెండవది పడుకొన్నను తగ్గదు. పైపెచ్చు రాత్రులందు నిద్ర చెరచును. వారములు గడచినకొలది పెరుగునేగాని తరుగదు. వెన్నున ఒకచోట వ్రేలితో నొక్కినచో రోగి ఉలికిపడును. క్రింద పడిన చెంబును తీయవలసివచ్చినపుడు నడుము వంచక, వెన్ను నిలువుగా ఉంచి మోకాళ్లు మడచి కూర్చుండి అందుకొనును. వీనికి తోడు సాయంకాలము ఒళ్లు వెచ్చనగుట, అన్నము సయింపకుండుట, రోజురోజునకు చిక్కిపోవుట కనబడినచో వెన్నెముక క్షయను శంకింపవలెను.

క్షయ యనగా దగ్గు, కఫము, నెత్తురు అనియే లోకము తలచును. కాని ఆ సూక్ష్మజీవి ఊపిరితిత్తులనుండి నెత్తుటితో పయనించి వెన్నుపూసలలో దిగవచ్చును. అట్టి రోగికి దగ్గు బొత్తిగా లేకపోవచ్చును. ఒక్కొక్కప్పుడు జ్వరమును ఉండదు. చిక్కంతయు అచ్చటనే. పూస లోలోపల మెత్తబడి, ముందువైపు క్రుంగి, వీపుపై గూను తేలును. చీము వెన్నుపామును ఒత్తినచో కాళ్లు చచ్చుబడును. లండనునందలి శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ 1779లో ఈ గూనునకు, కాళ్ల పతనమునకు గల సంబంధమును వర్ణించెను. రోగకారకమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోక్ 1882లో ప్రకటించెను.

పల్లెలలో ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుము త్రొక్కించుట కలదు. ఆ పుట్టుకలో మహిమ యున్నదో లేదో యటుంచి, బెణికిన నడుమునకు దానివలన పెద్ద చెరుపు జరుగకపోవచ్చును. పుచ్చిన పూసపై కాలు మోపినచో మాత్రము అది విరిగి, నడచివచ్చిన మనిషి నడువలేనివాడు కావచ్చును. వాతలు పెట్టించుటవలన నొప్పికి తోడు పుండు లభించును.

తొలినాళ్లలో ఎక్స్‌రేలో ఏమియు కనబడకపోవచ్చును, ఎం.ఆర్.ఐ. పరీక్షలో ముందుగా తెలియును. కావున ఒక ఎక్స్‌రే బాగున్నదని నిశ్చింతగా ఉండరాదు. గూను పడకముందే పట్టుకొన్నచో ఇది మందులకు లొంగు వ్యాధి. ఆ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇత్తురు. అయితే ఏడాదిపాటు, కొందరు అంతకు మించియు, వాడవలెను. రెండు మూడు నెలలలో నొప్పి తగ్గగానే మానివేయువారివద్ద రోగము మొండిబారి తిరిగివచ్చును.

నడుము నొప్పులన్నిటిలో ఒకదానికి వారములు కాదు, గంటలే లెక్క. కాళ్లు తూలుట, మూత్రము బిగియుట లేదా తెలియకయే పోవుట, కూర్చుండుచోట స్పర్శ నశించుట: వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగక, శస్త్రచికిత్స చేయగల పెద్ద ఆసుపత్రికి చేరవలెను. వెన్నుపూసల మధ్యనుండి జారిన మెత్తని బిళ్ల నరముల గుత్తిని నొక్కుటవలనను ఇట్లు జరుగును. ఆలస్యమైనచో ఆ నరములు మరల కోలుకొనకపోవచ్చును. వృద్ధులకు చిన్నపాటి జారుడు తరువాత పుట్టిన నొప్పిని, పూర్వము పుట్టకురుపునకు చికిత్స పొందినవారికి క్రొత్తగా వచ్చిన నొప్పిని గూడ వైద్యునికి జాగు లేక చూపవలెను.

మూత్రపు సంగతి, స్పర్శ సంగతి స్త్రీలు సిగ్గుచే చెప్పరు. వైద్యుడడిగినను తల వంచుకొందురు. ఇంటిలో అత్తయో, తల్లియో, కూతురో చాటుగా అడిగి, ఆసుపత్రిలో ఆ మాట తామే చెప్పవలెను.