వాచీ లేకుండానే సమంత కొత్త అడుగు

2016లో వచ్చిన '24' గుర్తుందా? వాచీ తిప్పితే కాలం వెనక్కి పోయే సైన్స్ ఫిక్షన్ సినిమా. హీరోయిన్ సమంత. వాచీ మాత్రం సూర్యది!

2021లో 'ఫ్యామిలీ మ్యాన్' రెండో సీజన్‌లో రాజీగా ఫైట్లు చేసింది. 2022లో మయోసైటిస్ ఉందని తనే చెప్పింది. తర్వాత ట్రాలాలా మూవింగ్ పిక్చర్స్ పెట్టి, 2025లో 'శుభం' తీసింది. పెద్ద స్టార్లు లేరు, తనది చిన్న పాత్రే. నిర్మాత అంటే ఏంది? ఆడకపోతే నష్టం మన మీదే.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసినప్పుడు, బాయిల పనిచేసిన మా బాపు అడిగిండు: "నెల జీతం వదులుకుంటవా బిడ్డా?" జవాబు ఇప్పటికీ లేదు.

తప్పయితే తిప్పుకోవడానికి మనకు ఆ వాచీ లేదు. సమంతకూ లేదు. అది తెలిసే అడుగేసింది, అందుకే నచ్చింది.

మీ ఇంట్లో ఏమన్నరో కామెంట్ పెట్టండి. ఉంటా మరి!