తొక్కితే వెలిగే దీపం

1977 నవంబరు 19న ఉప్పెన కృష్ణా జిల్లాలోని దివిసీమను ముంచెత్తిన సంగతి మనవైపు పెద్దలెవరూ మరచిపోలేదు. ఇప్పటికీ తుపాను పట్టిందంటే పామిడిముక్కల చుట్టుపక్కల ముందు పోయేది కరెంటే. మరి కాళ్లతో కరెంటు పుట్టించుకోవచ్చా? పుట్టించుకోవచ్చు, కాస్తంత.

కాలిబలం మనకు కొత్తేం కాదు, ఏతం తొక్కిన నేల ఇది. కుట్టుమిషను తొక్కుడు పలకకు డైనమో తగిలించవచ్చు గానీ, పైకీ కిందికీ ఊగే ఆ కదలికలో చక్రం ఒక్కోచోట మొరాయిస్తుంది. బరువైన చక్రం ఉంటేనే ఆ చోటు దాటుతుంది. పైగా శ్రమంతా పిక్కలదే. సైకిలు పెడలు దగ్గరైతే తొడ కండరాలు రంగంలోకి దిగుతాయి. మామూలు మనిషి గంటసేపు 75 వాట్ల దాకా తీయగలడు. అంటే పాతరకం సీలింగు ఫ్యాను ఒకటి తిరుగుతుంది. ఆ గాలి తొక్కినవాడి చెమట ఆరడానికే చాలదనుకోండి! 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులూ సెల్‌ఫోన్లూ అయితే హాయిగా నడుస్తాయి.

టైరుకు రాసుకునే పాత డైనమో ఇచ్చేది 6 వోల్టులు, 3 వాట్లు. వానలో తడిస్తే జారుతుంది కూడా. వెనక చక్రం నుంచి బెల్టు వేసి డీసీ మోటారును తిప్పి, పుట్టిన కరెంటును బ్యాటరీలో దాచడం మేలు. కాలితో పుట్టే కరెంటు కాస్తంతే అయినా తక్కువదేం కాదు: ఆస్ట్రేలియాలో 1929 నుంచి ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజనీరు చేసిన పెడలు రేడియో, సుమారు 20 వాట్లతోనే మారుమూల ఇళ్లకు డాక్టరును అందుబాటులోకి తెచ్చింది.

మోటారుకూ బ్యాటరీకీ నడుమ డయోడు పెట్టడం మరవకండి. లేకపోతే మీరు దిగగానే బ్యాటరీయే మోటారును తిప్పి, దాచిన కరెంటంతా తగలేస్తుంది.