ఆయుధపూజనాడు కంప్యూటరు



పొన్నేరికి, గుమ్మిడిపూండికి నడుమనున్న కవరైపేట్టైలో ఆయుధపూజనాడు వర్తకులు తక్కెడతో పాటు కంప్యూటరునూ తుడిచి బొట్టు పెడతారు. సరైన కాలమే. దాని వెనుకనే ఈశాన్య ఋతుపవనం వస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని, తిరువళ్లూరు జిల్లాను ముంచిన సంగతి అందరికీ తెలిసినదే. అయినా సీపీయూ పెట్టె నేటికీ చాలా అంగళ్లలో నేలమీదనే ఉంటుంది! దానిని బల్లపైకి ఎత్తడానికి ఖర్చేమీ లేదు.

తుడుపు పైపైన ఆగిపోతే చాలదు. 2017 మే 12న వన్నాక్రై లోకమంతా పాకి, ఫైళ్లకు తాళం వేసి, బిట్‌కాయిన్లలో సొమ్ము అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని సైతం దానికి చిక్కాయి. దానిని అడ్డగించే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలలుగా దానిని వేసుకోనివారు ఎందరో! విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దానినే వాడుతున్నవారు ఇది గమనించాలి. మానివేసిన గుమాస్తా పాస్‌వర్డును కూడా అదే రోజున మార్చడం మేలు.

యంత్రం చెడితే మరొకటి కొనవచ్చు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో చెప్పే ఖాతా మాత్రం ఏ అంగడిలోనూ దొరకదు. కనుక నకలు తీయాలి. నకలు తీసిన డ్రైవును కంప్యూటరుకే తగిలించి ఉంచితే ఆ తాళం దానికీ పడుతుంది, వరద వస్తే రెండూ కలిసి మునుగుతాయి. దానిని విడదీసి, ఇంటిలో ఎత్తైన చోట భద్రపరచాలి. పూజ ముగిశాక వేరొక కంప్యూటరులో ఆ డ్రైవు పెట్టి, నిరుటి బిల్లు ఒకటి తెరుచుకుంటున్నదో లేదో చూడాలి.